మత్తు మాన్పే మందుల్లో ఎవరికి ఏది: సిక్కోలు మందుల కొట్టు నుంచి

చీటీ కౌంటర్ మీద పెట్టి, వెనక ఎవరైనా ఉన్నారేమో ఓసారి చూసుకుని, గొంతు తగ్గించి "బాబూ, ఈ మాత్ర మంచిదా, ఇంకోటుందంట, అది మంచిదా?" అని అడిగే తల్లుల్ని చాలామందినే చూశాను. నరసన్నపేట వైపు నాది చిన్న మందుల కొట్టు. కొడుకు ట్రమడాల్ అనే నొప్పి మాత్రకి అలవాటు పడ్డాడనో, విశాఖలో చదువుతూ పౌడర్‌లోకి దిగాడనో చెప్పడానికే వాళ్లకి పది నిమిషాలు పడుతుంది. ఈలోగా వెనక నలుగురు చేరతారు, ఆమె చీటీ మడిచేసుకుంటుంది. నిలబడి తేల్చే సంగతి కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాదు. ఏ మందు, ఎంత మోతాదు అన్నది సైకియాట్రిస్టు తేల్చాలి. కాకపోతే ఏది ఏమిటో తెలిసి వెళ్తే ఆయన్ని అడగాల్సినవి అడగొచ్చు. ఇందులో కొంత చదివి తెలుసుకున్నది, కొంత మా బావమరిది వల్ల తెలిసొచ్చింది.

ముందు, ఏ మత్తు?

ఇక్కడ చెప్పబోయే మందులన్నీ (బ్యుప్రెనార్ఫిన్, నాల్ట్రెక్సోన్, మెథడోన్) నల్లమందు జాతి మత్తుకే. అంటే నల్లమందు, బ్రౌన్ షుగర్, హెరాయిన్, కోడీన్ కలిసిన దగ్గు సిరప్‌లు, ట్రమడాల్ క్యాప్సూళ్లు, పెంటాజోసిన్ సూదులు. మన వైపు మత్తు అనగానే గంజాయే గుర్తొస్తుంది గానీ, దానికి ఈ మాత్రలు పనిచేయవు. ఆ చికిత్స దారి వేరు.

ఇంకో మాట. "నొప్పులకి ఆయుర్వేదం గుళికలు వాడుతున్నాడు, అంతే" అని చెప్పే ఇళ్లున్నాయి. ఆ డబ్బా వెనక్కి తిప్పి చూడండి. కొన్నింటి మీద అహిఫేనం అని రాసి ఉంటుంది. అహిఫేనం అంటే నల్లమందే.

2019లో కేంద్ర ప్రభుత్వం బయటపెట్టిన జాతీయ సర్వే ప్రకారం ఈ జాతి మత్తుతో ఇబ్బంది పడుతూ సాయం అవసరమైనవాళ్లు దేశంలో 77 లక్షల మంది దాకా ఉన్నారు. వాడుతున్నవాళ్లలో ఎక్కువమంది హెరాయిన్ వైపు, దాని వెనకే మందుల షాపు సరుకు. ట్రమడాల్‌ని 2018 ఏప్రిల్‌లో ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల నియంత్రణ) చట్టం కిందకి తెచ్చారు. అంతకుముందు అది ఎంత సులువుగా చేతులు మారేదో కొట్టు నడిపేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మా వృత్తి కూడా ఇందులో చేతులు దులుపుకోడానికి వీల్లేదు.

అసలు ఎంపిక: మందుతోనా, మందు లేకుండానా

అందరూ రెండు మాత్రల మధ్య పోలిక అడుగుతారు. నా లెక్కలో పెద్ద ఎంపిక అంతకు ముందే ఉంది. పదిరోజులు ఎక్కడో పడుకోబెట్టి ఒళ్లు కడిగించుకుని రావడం ఒక దారి. ఏడాదో రెండేళ్లో మందు వేసుకుంటూ మామూలుగా బతకడం ఇంకో దారి. ఇళ్లలో దాదాపు అందరూ మొదటిదే కోరుకుంటారు. మేమూ అదే కోరుకున్నాం.

మా బావమరిది చేపల వేటకి గుజరాత్‌లోని వీరావల్ వెళ్లేవాడు. అక్కడ పడవ మీద నడుం పట్టేస్తే పక్కవాడు ఒక క్యాప్సూల్ ఇచ్చాడు. రెండో ఏడాదికి రోజుకి పది మింగే స్థితికి వచ్చాడు. ఒకసారి పడవలోనే మూర్ఛ వచ్చి పడిపోయాడు. (మోతాదు మీరితే ట్రమడాల్‌కి ఆ గుణం ఉంది, దాన్ని మామూలు ఫిట్సు అనుకుంటారు.) ఇంటికి తెచ్చి, ఎవరో చెప్తే ఒక ప్రైవేటు సెంటర్లో నెల ఉంచాం. అక్కడ డాక్టరు కనబడింది రెండుసార్లు. తలుపుకి తాళం మాత్రం రోజూ కనబడేది. తేరుకున్నాడు, ఒళ్లు చేశాడు, ఇంటికొచ్చాడు. మా అత్త అరసవల్లిలో మొక్కు కూడా తీర్చేసింది. పద్దెనిమిదో రోజు, పాత అలవాటు లెక్కనే ఒకేసారి గుప్పెడు మింగేశాడు. నెల మానేసిన ఒళ్లు ఆ పాత మోతాదుని తట్టుకోలేదు. ముక్కులోంచి గురకలాంటి చప్పుడు, పెదాలు నీలంగా, కళ్లలో నల్లగుడ్డు గుండుసూది మొనంత. 108 సమయానికి వచ్చింది కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

తర్వాత తెలిసింది, ఇది మా ఇంటి దురదృష్టం కాదని. మానేసి బయటికొచ్చిన మొదటి వారాలే అన్నిటికంటే ప్రమాదం. ఒంటికి ఓర్పు పోతుంది, ఆశ పోదు. స్వీడన్‌లో 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో హెరాయిన్ వాడే 40 మందిని రెండు జట్లు చేశారు. ఇరవై మందికి బ్యుప్రెనార్ఫిన్ ఏడాది పాటు ఇచ్చారు. మిగతా ఇరవై మందికి ఆరు రోజుల్లో తగ్గించేసి, ఆ తర్వాత ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. కౌన్సెలింగ్ మాత్రం రెండు జట్లకీ ఒకటే. ఏడాది తిరిగేసరికి మొదటి జట్టులో నూటికి 75 మంది చొప్పున చికిత్సలో నిలిచారు. రెండో జట్టులో ఒక్కరూ మిగల్లేదు, నలుగురు చనిపోయారు. ఆ నలుగురి సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే "మందు లేకుండా మాన్పిస్తాం" అనే బోర్డు కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. అన్నంలో కలిపే పొడులు, చెట్టుమందుల గురించి ఇక రాయను. వాటిలో ఏం కలుస్తుందో ఇచ్చేవాడికీ తెలియదు.

బ్యుప్రెనార్ఫిన్

ఈ మందులు పనిచేసే తీరు ఆర్టీసీ బస్సు సీట్లతో చెప్పుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. మెదడులో నల్లమందు జాతికి కొన్ని సీట్లుంటాయి. హెరాయిన్, ట్రమడాల్ వచ్చి ఆ సీట్లలో కూర్చుంటేనే మత్తు. సీట్లు ఖాళీ అయితే ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్లు గగుర్పాటు, విరేచనాలు, రాత్రంతా కాళ్లు కొట్టుకోవడం. బ్యుప్రెనార్ఫిన్ ఎలాంటి ప్రయాణికుడంటే, సీటు పట్టాడంటే లేవడు. తర్వాత హెరాయిన్ ఎక్కినా చోటు దొరకదు. పైగా వీడు చేసే పని సగమే. వంట్లో బాధ తీరుతుంది, ఆశ తగ్గుతుంది, తల తిరిగేంత మత్తు రాదు. ఒక స్థాయి దాటాక మోతాదు పెంచినా ఊపిరి మీద భారం పెద్దగా పెరగదు, ఈ మందులో గొప్ప అదే. కాకపోతే మద్యంతోనో, నిద్రకని ఆల్ప్రాజోలం లాంటి మాత్రలతోనో కలిపితే ఆ భద్రత ఉండదు, ప్రాణం మీదకి వస్తుంది.

మన దేశంలో ఎక్కువగా 0.4, 2 మిల్లీగ్రాముల మాత్రలు. నలాక్సోన్ అనే విరుగుడు కలిపినవీ ఉంటాయి, 2 మిల్లీగ్రాములకి అర మిల్లీగ్రాము లెక్కన. నలాక్సోన్ ఎందుకంటే, నాలుక కింద పెట్టుకుంటే అది దాదాపు పనిచేయదు. మాత్ర నూరి సూదిలోకి ఎక్కిస్తే మాత్రం పనిచేసి, మత్తు రాకుండా చుక్కలు చూపిస్తుంది. ఇంటికి ఇచ్చి పంపే మందుకి ఆ కాపలా ఉండటం మంచిదే.

మా కొట్టులో ఇది ఉండదు, దయచేసి అడగొద్దు. ఇది డీ-అడిక్షన్ చికిత్స జరిగే చోట, లెక్క రాసి ఇచ్చే మందు.

మొదటి రోజే జాగ్రత్తంతా. పాత మత్తు ఇంకా సీట్లలో ఉండగా దీన్ని వేస్తే, వాళ్లని మెడపట్టి గెంటి తాను కూర్చుంటుంది. చేసేది సగం పనే కదా, దాంతో ఒక్కసారిగా విపరీతమైన బాధ. హెరాయిన్ లాంటివాటికి చివరిసారి వాడి 12 నుంచి 24 గంటలు గడిచి, ఆవలింతలూ ముక్కు కారడమూ మొదలయ్యాకే తొలి మాత్ర ఇస్తారు. ఎప్పుడు వాడాడో డాక్టరుకి అబద్ధం చెప్తే బాధపడేది వాడే. మా వాడు పరువుకని ఆరు గంటల్ని పన్నెండు చేసి చెప్పాడు. ఆ సాయంత్రం వాంతులతో, "బావా, ఇది మందు కాదు, ఇసం" అని ఏడ్చాడు. మర్నాటి నుంచి సర్దుకుంది.

వేసుకునే పద్ధతి కూడా చూసి తెలుసుకోవాల్సిందే. ముందు గుక్కెడు నీళ్లతో నోరు తడపాలి. మాత్రని నాలుక కింద పెట్టి కరిగేదాకా, అయిదు నుంచి పది నిమిషాలు, మాట్లాడకూడదు, నమలకూడదు, మింగకూడదు. మింగితే చాలావరకు వృథా. ముందర బీడీ, ఖైనీ వద్దు. మా బావమరిది పొద్దున్నే అరుగు మీద గెడ్డం పైకెత్తి మూగవాడిలా కూర్చుంటాడు, పిల్లలు కావాలని వచ్చి ఏదో అడుగుతారు, వాడు చేత్తో అదిలిస్తాడు. కరిగాక నీళ్లు పుక్కిలించి మింగాలి, గంట దాకా పళ్లు తోమకూడదు. ఈ జాగ్రత్త ఊరికే కాదు. నోట్లో కరిగే ఈ మందుల వల్ల పళ్లు పాడవుతున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది.

మలబద్ధకం వస్తుంది, చెమట పడుతుంది. కొందరికి మొదట్లో మగత. డబ్బా తాళంలో పెట్టాలి, చిన్నపిల్లలకి ఒక్క మాత్రైనా ప్రమాదమే.

"ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటించినట్టు కాదా?" ఈ ప్రశ్న మా మావగారు అడిగారు, సెంటర్ వాళ్లూ అన్నారు, చివరికి పూజారిగారూ అన్నారు. నా జవాబు ఒకటే. ట్రమడాల్ రోజుల్లో వాడికి తెల్లారితే సరుకు ఎక్కడ దొరుకుతుందన్నదే పని. ఇంట్లో కంచుచెంబు దగ్గర్నుంచి పెళ్లాం పట్టీల దాకా ఎలిపోయాయి. ఇప్పుడు ఆ మాత్ర పొద్దున పది నిమిషాల పని, మిగతా రోజంతా వాడిదే. ఒళ్లు మందు మీద ఆధారపడటం నిజమే, హఠాత్తుగా ఆపితే బాధా నిజమే. కానీ బతుకంతా దాని చుట్టూ తిరగడం వేరు.

ఎన్నాళ్లు? ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. మూడు నెలలు బాగుంటే చాలు, "తగ్గిపోనాది కదా, ఒగ్గీయరా" అని ఇంట్లోవాళ్లే ఆపించేస్తారు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాణ్ణి తిట్టుకుంటాం. వీళ్లు నడి ఏట్లోనే తగలేస్తారు. ఏడాదికి తక్కువ ఆలోచించొద్దు. ఆపేది కూడా డాక్టరు చేత, నెలల తరబడి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ. కొందరికి ఏళ్ల తరబడి అవసరం, అందులో సిగ్గుపడేదేం లేదు.

నాల్ట్రెక్సోన్

ఇది సీటులో కూర్చోదు, కిటికీలోంచి తువ్వాలు వేసేస్తుంది. సీటు ఖాళీగానే ఉంటుంది, కానీ ఎవరూ కూర్చోలేరు. మత్తు లేదు, అలవాటు పడటం లేదు, ఆపితే బాధ లేదు. 50 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకొకటి. చీటీ ఉంటే మామూలు షాపుల్లోనూ దొరుకుతుంది. చదివితే ఇదే మేలనిపిస్తుంది. తండ్రులకి, ముఖ్యంగా ఉద్యోగస్తులకి, ఇదే నచ్చుతుంది కూడా.

చిక్కు ఏమిటంటే, తువ్వాలు వేయాలంటే ముందు బస్సు ఖాళీ కావాలి. ఏడు నుంచి పది రోజులు ఏ నల్లమందు జాతి సరుకూ ఒంట్లో ఉండకూడదు. చాలామంది ఆ పది రోజులు దాటలేరు. అమెరికాలో 570 మందితో చేసి 2017లో అచ్చయిన ఒక పెద్ద పోలికలో, నెలకోసారి వేసే నాల్ట్రెక్సోన్ సూది జట్టులో నూటికి 72 మందే అసలు మొదలుపెట్టగలిగారు. బ్యుప్రెనార్ఫిన్, నలాక్సోన్ జట్టులో 94. మొదలుపెట్టగలిగినవాళ్ల వరకు చూస్తే రెండూ దాదాపు సమానమే. అంటే మందులో లోపం లేదు, గుమ్మం ఎత్తుగా ఉందంతే. ఆ నెల సూది నా కొట్టుకి ఎప్పుడూ రాలేదు. మన దగ్గర మాత్రే గతి. మాత్ర అంటే ప్రతి పొద్దూ మింగాలా వద్దా అని వాడి మనసు వాడితో బేరమాడుతుంది. రెండు రోజులు మానేస్తే తువ్వాలు తీసేసినట్టే. అప్పుడు పాత మోతాదు వేసుకుంటే ఏమవుతుందో పైన చెప్పాను. మాత్రని బుగ్గన దాచి పెరట్లో ఉమ్మేసినవాళ్లని ఎరుగుదును.

అందుకని ఇది అందరికీ కాదు. ఆసుపత్రిలోనే పదిరోజులు పూర్తిచేసి వచ్చినవాడు, పోయేదానికి ఉద్యోగం ఉన్నవాడు, పొద్దున్నే ఎదురుగా కూర్చుని మింగించే మనిషి ఇంట్లో ఉన్నవాడు, వీళ్లకి చక్కగా నప్పుతుంది. మద్యం ఆశని కూడా తగ్గిస్తుంది కాబట్టి రెండూ ఉన్నవాళ్ల విషయంలో డాక్టర్లు దీనివైపు చూస్తారు. ముందు లివర్ పరీక్ష చేయించాలి. జేబులో మాత్రం ఒక చీటీ ఉండాల్సిందే. రోడ్డు ప్రమాదమై ఆసుపత్రిలో పడితే మామూలుగా ఇచ్చే మార్ఫిన్ లాంటి నొప్పి సూదులు పనిచేయవు, అక్కడి డాక్టరుకి ఆ సంగతి తెలియాలి.

మెథడోన్, మిగతావి

మెథడోన్ పూర్తి టికెట్టు కొని రోజంతా సీటులో కూర్చునే ప్రయాణికుడు. రోజుకొకసారి, నర్సు ఎదురుగా తాగే సిరప్. ప్రపంచంలో అందరికంటే పాతకాపు ఇదే, 1960ల నుంచి వాడుకలో ఉంది. 2005లో బ్యుప్రెనార్ఫిన్‌తో పాటు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేరింది. బ్యుప్రెనార్ఫిన్‌తో ఆగనివాళ్లకి పనికొస్తుంది. కానీ మన దేశంలో ఎంచుకున్న కొన్ని కేంద్రాల్లోనే ఇస్తారు, గుండె లయ చూసుకోవాలి, మోతాదు తప్పితే ఊపిరి ఆగుతుంది. రోజూ కేంద్రానికి వెళ్లాలంటే కేంద్రం ఉన్న ఊళ్లో ఉండేవాడికే కుదురుతుంది. కవిటి నుంచో, సాలూరు నుంచో రోజూ విశాఖ ఎవరు వెళ్లొస్తారు?

క్లోనిడిన్ చీటీలు నా దగ్గరికి వస్తుంటాయి. అది బీపీ మాత్ర. మానేసిన మొదటి వారంలో చెమట, గుండెదడ, గాభరా తగ్గిస్తుంది. బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. అది వారం రోజుల సాయమే. చాలామంది దాన్నే చికిత్స అనుకుని, అయిపోగానే అంతా అయిపోయిందనుకుంటారు.

ఉద్దానం వాళ్లకి వేరే మాట

ఒళ్లునొప్పులు ఓర్చుకోలేక డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ గుప్పెళ్లతో మింగే అలవాటు ఈ చికిత్సలో ఉన్నవాళ్లకి ఎక్కువ. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు మనిషైతే కిడ్నీలకి అది విషంతో సమానం. ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించుకోండి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో ట్రమడాల్ కూడా ఒంట్లో పేరుకుపోతుంది. బ్యుప్రెనార్ఫిన్‌ని ఎక్కువగా లివరే కరిగిస్తుంది కాబట్టి కిడ్నీ రోగుల్లో అది నయం. ఉద్దానం మనిషి విషయంలో నా ఓటు అనుమానం లేకుండా దానికే. డయాలసిస్ డాక్టరుకీ, సైకియాట్రిస్టుకీ ఒకరి చీటీ ఒకరికి చూపించండి.

గర్భిణి అయితే ఏదీ హఠాత్తుగా ఆపకూడదు. బ్యుప్రెనార్ఫిన్ గానీ మెథడోన్ గానీ కొనసాగిస్తారు, నాల్ట్రెక్సోన్ కొత్తగా మొదలుపెట్టరు.

ఎక్కడికి వెళ్లాలి, ఏం అడగాలి

శ్రీకాకుళం రిమ్స్‌లో గానీ, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ మానసిక వైద్య విభాగంలో మొదలుపెట్టండి. అక్కడ కుదరకపోతే విశాఖ కేజీహెచ్, వాల్తేరు మానసిక చికిత్సాలయం. ఇచ్ఛాపురం వాళ్లకి శ్రీకాకుళం కంటే బరంపురం మెడికల్ కాలేజీయే దగ్గర, మొహమాటపడకుండా అటే వెళ్లండి. బయల్దేరే ముందు ఫోన్ చేయండి. 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్, అంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. సూదులు వాడేవాళ్లకి బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ ఇచ్చే ఓఎస్టీ కేంద్రాల గురించి 1097 ఎయిడ్స్ హెల్ప్‌లైన్‌లో కనుక్కోవచ్చు.

వెళ్లాక అడగాల్సినవి: బ్యుప్రెనార్ఫిన్ ఇక్కడ ఉందా, రోజూ రావాలా, ఎన్నాళ్లకి ఇంటికి ఇస్తారు? స్టాకు అయిపోతే ఏం చేస్తారు? (ఈ ప్రశ్న మర్చిపోవద్దు. మందు దొరకని వారంలోనే మనిషి జారేది.) 0.4 మాత్ర ఒకటిచ్చి "దీనికి తగ్గలేదంటే వీడికి మందు పనిచేయదు" అనేవాళ్ల మాట పట్టించుకోకండి. మామూలుగా 2 లేదా 4 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, బాధ తీరేదాకా పెంచుతారు. చాలని మోతాదుతో విఫలమైన కేసుల్ని నేను చాలా చూశాను.

ప్రైవేటు సెంటరైతే ముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో రిజిస్ట్రేషన్ చూపించమనండి. గొలుసులు వేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. సైకియాట్రిస్టు రోజూ వస్తాడా, ఫోన్ మాట్లాడనిస్తారా, ఇంటికి పంపేటప్పుడు ఏ మందు మీద పంపుతారు అని అడగండి. మూడోదానికి జవాబు లేకపోతే గుమ్మంలోంచే వెనక్కి రండి.

పోలీసు కేసు భయం చాలామందిని ఆపేస్తోంది. కొద్దిపాటి సరుకుతోనో, వాడాడనో కేసున్నవాడు తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకి వస్తే, షరతులకు లోబడి, ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అమ్మేవాడికి అది వర్తించదు.

వలస వెళ్లేవాళ్ల సంగతి

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మందు ఎంపికని తేల్చేది చివరికి ఇదే. చెన్నైలో తాపీపని, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ కాపలా, గుజరాత్‌లో వేట. రెండు వారాలకోసారి చూపించుకుని తెచ్చుకోవాల్సిన మందు పట్టుకుని నడిసముద్రంలో ఇరవై రోజులు ఎలా ఉంటాడు? నగరానికి వెళ్లేవాడైతే ఫర్వాలేదు. డాక్టరు దగ్గర ఇప్పటిదాకా జరిగిన చికిత్స, మోతాదు రాయించుకుని, చేరిన ఊళ్లో ఏ ఆసుపత్రో ముందే మాట్లాడుకుని వెళ్లాలి. పడవ ఎక్కేవాడికి నాల్ట్రెక్సోన్ డబ్బా ఇచ్చి పంపితే సరిపోతుంది కదా అని మేమూ అనుకున్నాం. డాక్టరుగారు ఒక్క మాటే అడిగారు, "పడవలో పొద్దున్నే ఎదురుగా కూర్చుని మింగించేదెవరు?" పక్కనుండేది ఆ మొదటి క్యాప్సూల్ ఇచ్చినవాడే.

ఈ ఆగస్టులో మా బావమరిది వీరావల్ వెళ్లలేదు. అడ్వాన్సు వెనక్కి ఇవ్వడానికి మా ఆవిడ గాజులు కుదువపెట్టాం. ప్రస్తుతం ఊళ్లోనే ఐసు బండి తోలుతున్నాడు, పద్నాలుగు రోజులకోసారి మందుకి వెళ్తున్నాడు. మొన్న కొట్టుకొచ్చి, "బావా, వొచ్చే సీజనుకైనా ఎల్లొచ్చా?" అన్నాడు. మోతాదు 8 నుంచి 6కి తగ్గింది, అంతే. డాక్టరుగారిని అడిగి చెప్తానన్నాను.